చిలకలో మార్కండ

వాలీబాల్‌లో లిఫ్టర్ బతుకు వంటింటి బతుకు. బంతిని లేపి నోటికి అందించేది అతను, కొట్టి చప్పట్లు కొట్టించుకునేది పక్కవాడు. ఎడమవైపు ఒకడు, మధ్యలో ఒకడు, కుడివైపు ఒకడు, వెనకనుంచి ఎగిరొచ్చేవాడు ఇంకొకడు, నలుగురూ నాకంటే నాకన్నట్టు గాల్లోకి లేస్తుంటారు. ఎవరికివ్వాలో రెప్పపాటులో తేల్చుకోవాలి. అవతలి జట్టుకు ముందుగా తెలియకూడదు, తన జట్టులో ఎవడూ చిన్నబుచ్చుకోకూడదు. చీరాల దగ్గరున్న ఆ ఇంజనీరింగ్ కాలేజీ జట్టులో మూడేళ్లపాటు ఈ పని చేసినవాడు మార్కండ. వాడి అక్క ఈశ్వరి అదే కాలేజీలో లెక్కలు చెబుతుంది. లిఫ్టర్ చేతిలోంచి బంతి ఎటు పోతుందో ముందే చెప్పే యంత్రాన్ని తయారుచేసింది ఆమే.

యంత్రమంటే కళ్లు చెదిరే సరంజామా ఏమీ లేదు. కోర్టు చుట్టూ స్తంభాలకు కెమెరాలు, జిమ్ వెనక గదిలో ఒక కంప్యూటరు. ఆటగాళ్ల పాదాలు ఎటు తిరిగాయో, భుజాలు ఎంత వంగాయో, కిందటి బంతి ఎవరు కొట్టారో, ఎవరు తప్పారో అన్నీ చూసుకుని, బంతి లిఫ్టర్ వేళ్లు తాకేలోపే అది జోస్యం చెప్పేస్తుంది. మణికట్టుకు కట్టుకునే పట్టీ ఒకసారి కదిలితే ఎడమ, రెండుసార్లయితే మధ్య, మూడుసార్లయితే కుడి, సాగదీసినట్టు కదిలితే వెనక. బస్టాండు దగ్గర కార్డు తీసి జాతకం చెప్పే చిలకలా ఉందని కుర్రాళ్లు దానికి చిలక అని పేరు పెట్టారు. ఎదుటి జట్టు లిఫ్టర్ గుట్టు కనిపెట్టడానికని ఈశ్వరి మొదలుపెట్టింది గానీ, చిలకకు పాఠం నేర్పాలంటే రోజూ కళ్లెదుట ఆడే లిఫ్టర్ ఒకడు కావాలి. ఇంట్లోనే ఒకడున్నాడు కదా అని తమ్ముణ్ణి పెట్టుకుంది.

చిలక మార్కండను చదివేసింది. వాడిలో అది మొదట పట్టుకున్న గుణం ఒకటుంది. ఎవడైనా స్మాష్ కొట్టబోయి నెట్‌కు తగిలించినా, గీత బయటికి కొట్టినా, మార్కండ తర్వాతి బంతి కూడా వాడికే ఇచ్చేవాడు. ఇలాగైతే పాయింట్లు పోతాయని కోచ్ పిచ్చయ్య సార్ నెత్తీ నోరూ కొట్టుకునేవాడు.

"తప్పు కొట్టినోడు ఆ తప్పుతో ఎక్కువసేపు నిలబడకూడదు సార్," అనేవాడు మార్కండ. మళ్లీ వాడికే ఇచ్చేవాడు.

జట్టులో అది ఆచారమైపోయింది. తప్పినవాడు తలదించుకోవడం మానేసి తర్వాతి బంతికి సిద్ధంగా ఉండేవాడు. ఆ ఆచారంవల్ల ఎక్కువగా బాగుపడ్డవాడు ఎడమవైపు కొట్టే ఏసుపాదం. తల్లి లేని పిల్లాడు, తండ్రికి వేటపాలెంలో జీడిపప్పు బట్టీలో పని. మనిషి తాటిచెట్టంత ఉన్నా ఒక్క బంతి తప్పితే చాలు, మొహం పాలిపోయేది. మార్కండ చేతిలో పడ్డాక వాడి పేరు పక్క జిల్లాలకు కూడా పాకింది. రైల్వేలో ఆటగాళ్ల కోటాలో ఉద్యోగం వస్తుందని ఆశ పుట్టింది.

చిలక ఒకటీ అరా తప్ప అన్నీ సరిగ్గా చెప్పడం మొదలుపెట్టాక మార్కండకు సరదా తీరిపోయింది. మొదట్లో దాన్ని ఓడిస్తానని కావాలని అడ్డదిడ్డంగా ఇచ్చేవాడు. నాలుగు రోజుల్లో ఆ అడ్డదిడ్డాన్ని కూడా అది నేర్చేసుకుంది. ఒకరోజు ప్రాక్టీసయ్యాక బూట్లు విప్పుకుంటూ అక్క పక్కన కూర్చున్నాడు.

"నేననుకోకముందే దానికి తెలిసిపోతంటే, ఇంక అనుకునేదెవరక్కా?"

ఈశ్వరి నవ్వి వాడి తలమీద మొట్టింది. ఆ మాటకు జవాబు చెప్పాలని అప్పుడు తోచలేదు. ఆ వారమే చిలకమీద ఆమె రాసిన పరిశోధనకు మంచి పేరు వచ్చింది. ఆ సంబరంలో తమ్ముడి మాట కొట్టుకుపోయింది.

ఆ వానాకాలం వాళ్లుండే జాండ్రపేట నిండా విషజ్వరాలు. మగ్గాల గుంటల్లో నీళ్లు, ఇంటికొకరు మంచమెక్కారు. మార్కండకు జ్వరం వచ్చినప్పుడు ఎవరూ కంగారుపడలేదు, కండలు తిరిగిన మనిషి కదా అనుకున్నారు. రక్తంలో ఏవో కణాలు పడిపోయాయన్నారు, ఎక్కించారు, మళ్లీ పడిపోయాయన్నారు. వారం తిరక్కుండానే శవాన్ని ఇంటికి తెచ్చారు. చావును గెలిచిన ఋషి పేరు పెడితే బిడ్డ నూరేళ్లు బతుకుతాడని తల్లి అనసూయమ్మ ఏరికోరి పెట్టుకున్న పేరది. భర్త పోయాక మగ్గం నేసి, కండెలు చుట్టి ఇద్దర్నీ ఇంత చేసింది. చేతికి అందివచ్చిన కొడుకును అలా సాగనంపి, ఆవిడ కండెలు చుట్టే రాట్నం ముందు కూర్చుంది గానీ నూలు తెగినా చూసుకునేది కాదు.

లిఫ్టర్ జాగాలోకి నాగూర్ వలి వచ్చాడు. మార్కండకంటే రెండేళ్లు చిన్న. చేతులు మెత్తన, మనసు అంతకంటే మెత్తన. ఎవరికివ్వాలో తేల్చుకోలేక గాభరాపడి ప్రతిసారీ ఒక్కరికే ఇచ్చేసేవాడు. కాలేజీల పోటీలు దగ్గరపడుతున్నాయి. ఆ ఏడే రూలు మారి, కోచ్ బెంచీమీద నుంచి అరిచే బదులు ఆటగాడి మణికట్టు పట్టీతో చెప్పుకోవచ్చన్నారు. పిచ్చయ్య సార్ ఒకనాడు ఈశ్వరి గదికి వచ్చి చాలాసేపు ఏదేదో మాట్లాడి, చివరికి అసలు సంగతి బయటపెట్టాడు. మార్కండ ఉంటే ఎవరికిచ్చేవాడో చిలక్కి తెలుసు కదా, ఆ ముక్క నాగూర్ చేతికి చెప్పించకూడదా అని.

జట్టుకోసం అని ఆయన అన్నాడు. ఈశ్వరి ఒప్పుకున్నది జట్టుకోసం కాదు. తమ్ముడి ఫోటోలున్నాయి, వీడియోలున్నాయి, అవన్నీ జరిగిపోయినవే. ఇది అలా కాదు. కొత్త ఆట, కొత్త బంతి, అందులో ఇప్పుడు వాడేం చేస్తాడో చెబుతుంది. చిలకలో ప్రాణముందని కథల్లో వింటాం, ఆమె దాన్ని నిజంగానే నమ్మింది.

మొదటిరోజు ప్రాక్టీసు వేళకు ఇంకో పట్టీ ఇంటికి తెచ్చి తల్లి మణికట్టుకు కట్టింది. కాసేపటికి అది ఒకసారి కదిలింది. అనసూయమ్మ ఉలిక్కిపడి ఇదేమిటని అడిగింది.

"తమ్ముడేనమ్మా. ఎడమవైపు ఇయ్యమంటన్నాడు," అంది ఈశ్వరి.

అనసూయమ్మ రెండో చేత్తో ఆ మణికట్టును నాడి చూసినట్టు పట్టుకుని కూర్చుంది. ప్రాక్టీసు అయ్యేదాకా వదల్లేదు. ఆ రోజు నుంచి సాయంత్రమయ్యేసరికి రాట్నం ఆపేసి, కాళ్లు చేతులు కడుక్కుని, పట్టీ కట్టించుకునేది. ఆవిడ మళ్లీ అన్నం సరిగ్గా తినడం మొదలుపెట్టింది కూడా అప్పుడే. అది చూశాక ఈశ్వరి ఇక వెనక్కి తిరిగి ఆలోచించలేదు.

నాగూర్ చక్కగా ఆడసాగాడు. ఏసుపాదం బంతి తప్పిన రోజున పట్టీ మళ్లీ ఒకసారే కదిలితే, నాగూర్ మళ్లీ ఎడమకే ఇస్తే, కోర్టులో అందరి కళ్లూ చెమర్చాయి. మార్కండన్న ఇచ్చాడురా అనుకున్నారు. అప్పటినుంచి పట్టీ మాట వాళ్లకు వేదవాక్కు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా ఈశ్వరికి ఒక అనుమానం వచ్చింది. ఖాళీ దొరికితే ఆమె తమ్ముడి పాత ఆటలు తెరమీద వేసుకుని, బంతి లేచినచోట ఆపి, ఎవరికిస్తాడని చిలకను అడిగేది. అది చెప్పింది వాడు చేసినదానితో కలుస్తుంటే ఒక తృప్తి. ఒకరోజు కలవలేదు. మార్కండ ఎడమకు ఇచ్చినచోట చిలక కుడి అంది. ఇంకోచోట అడిగితే మధ్య అంది. తీరా చూస్తే తప్పు తనదే. చిలక రోజూ చూసినదాన్నల్లా నేర్చుకునేలా చేసింది తనే కదా. ఇప్పుడది రోజూ చూస్తున్నది నాగూర్‌ని. నాగూర్ చేతుల వాటాన్ని బట్టి, ఈ జట్టు ఇప్పుడాడే తీరును బట్టి దాని జోస్యం మెల్లగా మారుతోంది. అంటే పూటపూటకూ తమ్ముడు కొంచెం కొంచెంగా పోతున్నాడన్నమాట.

ఒకసారి పోగొట్టుకున్నవాణ్ణి మళ్లీ పోగొట్టుకోవడం ఎవరి తరం? ఈశ్వరి పాత చిలకను బయటికి తీసి, ఇక కొత్తది నేర్చుకోకుండా తాళం వేసేసింది. మార్కండ పోయిననాటికి అదెలా ఉందో అలాగే ఉండేట్టు చేసి, నాగూర్ పట్టీకి దాన్నే తగిలించింది. పిచ్చయ్య సార్‌కు చెప్పలేదు, నాగూర్‌కు చెప్పలేదు. ఆ తాళం వేసినప్పుడు తానేదో తప్పు చేస్తున్నానని కూడా ఆమెకు అనిపించలేదు. తలుపు వేసి దీపాన్ని గాలికి కాపాడుకున్నట్టే అనుకుంది.

సెమీఫైనల్ నెల్లూరులో. ఆట ఏ ఊళ్లో ఉన్నా ఈశ్వరి కెమెరాలు వెంట తీసుకెళ్లి కోర్టు చుట్టూ పెట్టించేది. రైల్వేవాళ్లు చూడ్డానికి వస్తున్నారని ముందే తెలిసింది. ఏసుపాదానికి అప్పటికే నెలరోజులుగా కుడి భుజం నొప్పి. చెబితే పక్కన కూర్చోబెడతారని భయపడి ఎవరికీ చెప్పలేదు. పొద్దున వేణ్ణీళ్ల కాపడం, మధ్యాహ్నం మాత్ర, అలా నెట్టుకొస్తున్నాడు.

ఈశ్వరి తల్లిని కూడా తీసుకెళ్లింది. గ్యాలరీలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. అనసూయమ్మ చేతికి పట్టీ, ఈశ్వరి ఒళ్లో చిలకను నడిపే చిన్న తెర. మొదటి సెట్ సులువుగానే గెలిచారు. రెండో సెట్ మధ్యలో ఏసుపాదం కొట్టిన బంతి నెట్‌కు తగిలింది. పట్టీ ఒకసారి కదిలింది. నాగూర్ ఎడమకు ఇచ్చాడు. ఈసారి బయటికి పోయింది. పట్టీ మళ్లీ ఒకసారే కదిలింది.

"తప్పాడుగా పాపం. వాడికే ఇచ్చాడు మావాడు," అంది అనసూయమ్మ. కొడుకు పోయాక ఆవిడ మొహంలో ఈశ్వరి నవ్వు చూడ్డం అదే మొదటిసారి.

మళ్లీ ఎడమ. మళ్లీ తప్పు. ఏసుపాదం చెయ్యి తలదాకా కూడా లేవడం లేదని ఈశ్వరికి కనపడుతూనే ఉంది. తాళం వెయ్యని చిలకైతే ఈపాటికి దారి మార్చుకునేది. రోజూ వాణ్ణి చూస్తూ ఆ భుజం వాలడం నేర్చుకుని ఉండేది. ఒళ్లో తెరమీద ఆపే మీట వేలికి అందేంత దూరంలోనే ఉంది. ఆపితే తల్లి చేతిమీద ఆ కదలిక ఆగిపోతుంది. ఆవిడ ఏమైందే అని అడుగుతుంది. ఏం చెప్పాలి? ఇంకొక్క బంతి చూద్దామనుకుంది. ఆ ఒక్కటి అయ్యాక ఇంకొక్కటి.

నెట్ దగ్గర నాగూర్ ఒకసారి బెంచీవైపు చూశాడు, ఒకసారి తన మణికట్టు వైపు చూసుకున్నాడు. వాడికీ కనపడుతోంది. అయినా ఎడమకే ఇచ్చాడు. ఏసుపాదం ఎగిరాడు, ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. భుజంలో ఏదో తెగిన చప్పుడు తనకు వినిపించిందని తర్వాత నాగూర్ చెప్పాడు. గ్యాలరీకి మాత్రం కేక వినిపించింది.

ఒంగోలు ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. చెయ్యి ఉంటుందన్నారు, ఆట ఉండదన్నారు. రైల్వేవాళ్లు కుడివైపు కొట్టే కుర్రాడి వివరాలు రాసుకుని వెళ్లిపోయారు. ఆసుపత్రి వసారాలో నాగూర్ ఈశ్వరిని చూసి తలొంచుకున్నాడు. ఏసుపాదం చెయ్యి లేవడం లేదని తనకు తెలుస్తూనే ఉందనీ, మార్కండన్న మాటను కాదనడానికి తానెవడినని ఊరుకున్నాననీ ఏడ్చాడు. ఆ ఏడుపుకు కారణం తానని తెలిసి కూడా ఈశ్వరి వాడి భుజం తట్టి లోపలికి వెళ్లింది. ముందు నిజం చెప్పాల్సింది లోపల ఉన్నవాడికి.

ఏసుపాదం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కుడిచెయ్యి ఒంటికి కలిపి కట్టేశారు. ఈశ్వరి స్టూలు లాక్కుని కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నీళ్ల సీసా అటూ ఇటూ జరుపుతుంటే వాడే మాట్లాడాడు.

"అక్కా, ఒకటడుగుతా. మార్కండకి నా మీద ఏమన్నా కోపమా?"

ఆమెకు అర్థంకాలేదు.

"రెండేళ్లనాడు మనం బాపట్లలో ఆడాం, గుర్తుందా? ఆ ముందురోజు నా కుడిచేతి బొటనవేలు తలుపు సందులో పడి నలిగింది. ఎవరికీ చెప్పలా. పొద్దున టీ గ్లాసు ఎడంచేత్తో పట్టుకున్నానంట, మార్కండ అది చూశాడు. ఆట మొత్తం ఒక్క బంతి ఇయ్యలేదక్కా నాకు. ఇయ్యరా అని అరిచా, తిట్టా. ఓడిపోయినా ఇయ్యలా. సార్ అందరి ముందూ తిట్టినా, నా వేలి సంగతి మాత్రం వాడు బయటపెట్టలా. అట్టాంటోడు మొన్న నా చెయ్యి పోయేదాకా ఎందుకిచ్చాడు?"

బాపట్ల ఆట ఈశ్వరికి బాగా గుర్తుంది. ఆ రోజు చిలక చెప్పిన జోస్యం దాదాపు అంతా తప్పిపోయింది. తమ్ముడు ఆ రోజు బుద్ధి పెట్టి ఆడలేదనుకుంది, పరిశోధనలో లెక్క పాడవుతుందని ఆ ఆటను చిలక పాఠాల్లోంచి తీసి పక్కన పడేసింది. కెమెరాలు కోర్టు చుట్టూ ఉంటాయి. టీ కొట్టు దగ్గర ఉండవు.

"అది మార్కండ కాదు," అంది చివరికి. ఆ మాట ఆమె పైకి అనడం అదే మొదలు.

తాళం వేసిన సంగతి చెప్పింది. మీట దగ్గర వేలు పెట్టుకుని కూడా నొక్కని సంగతి చెప్పింది. వాడు తిడతాడని ఎదురుచూసింది, తిడితే బాగుండుననుకుంది. వాడు తిట్టలేదు.

"మార్కండ ఇచ్చాడనే కొట్టానక్కా," అన్నాడు. "లేకపోతే కొట్టను." ఆ తర్వాత గోడవైపు తిరిగిపోయాడు.

ఇంటికొచ్చేసరికి ప్రాక్టీసు వేళ దాటిపోయింది. అనసూయమ్మ పట్టీ కట్టుకుని అరుగుమీద కూర్చుని ఉంది, ఇవాళ కదలడం లేదేమని అడిగింది. ఈశ్వరి తల్లి కాళ్ల దగ్గర కూర్చుని, ఆసుపత్రిలో చెప్పిందంతా ఇంకోసారి చెప్పింది. రెండోసారి చెప్పడం ఇంకా కష్టమైంది. అనసూయమ్మ అడ్డురాకుండా విన్నది. విన్నాక ఆ పట్టీని మెల్లగా విప్పి కూతురి చేతిలో పెట్టింది.

"ఆ పిల్లోడికి ఏ చెయ్యి పోయింది?"

"కుడిచెయ్యి."

"మరి అన్నం ఎట్టా తింటన్నాడు?"

అనసూయమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. మర్నాడు పొద్దున్నే క్యారేజీ పట్టుకుని ఒంగోలు బస్సెక్కింది, ఈశ్వరి వెంట వెళ్లింది. ఏసుపాదం వద్దన్నాడు, నాన్న వస్తాడన్నాడు. అనసూయమ్మ వినిపించుకోలేదు. పప్పన్నం కలిపి ముద్దలు చేసి నోట్లో పెట్టింది. రెండో ముద్దకు వాడు బావురుమన్నాడు. ఆవిడ వాడి మూతి తుడిచి మూడో ముద్ద కలిపింది. మార్కండ పేరు ఇద్దరూ ఎత్తలేదు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న ఈశ్వరికి లోపలికి అడుగు పడలేదు. ఆ గదిలో తనకు చోటు లేదని ఆమెకు తెలుసు. ఎప్పటికైనా వస్తుందో రాదో కూడా తెలియదు.

తిరిగొచ్చి బస్సు దిగిన ఈశ్వరి తిన్నగా కాలేజీకి వెళ్లింది. జిమ్ వెనక గది తలుపు తీసి, పనికిరాదని పడేసిన బాపట్ల ఆటను వెతికి పట్టుకుంది. ఎన్నాళ్లనుంచో తెరవనిది. తెరమీద వేసి, పక్కన చిలకను పెట్టింది.

బంతి వెనకనుంచి లేచింది. చిలక ఎడమ అంది. మార్కండ మధ్యకు ఇచ్చాడు. మళ్లీ లేచింది. చిలక ఎడమ అంది. మార్కండ కుడికి ఇచ్చాడు. ఏసుపాదం రెండు చేతులూ చాచి అడుగుతున్నాడు, గీత బయటనుంచి పిచ్చయ్య సార్ అరుస్తున్నాడు. మార్కండ ఒకసారి ఏసుపాదం వైపు చూసి, బంతిని వెనక్కి లేపాడు. పాయింటు పోయింది. వాడు లెక్కచేయలేదు. చిలక ఎడమ, ఎడమ అని అంటూనే ఉంది, వాడు దాని మాట వినకుండా తన పని తాను చేసుకుంటూ పోతున్నాడు.

తమ్ముడు పోయి ఇన్నాళ్లైనా ఈశ్వరి కంట చుక్క రాలలేదని జాండ్రపేట ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఏడవాలంటే వాడు పోయాడని ఆమె నమ్మాలి కదా. తెరమీద వాడు ఇంకో బంతికి చేతులు ఎత్తాడు. ఎవరికిస్తాడో ఆమెకు తెలియలేదు, ఆమె చేసిన చిలక్కీ తెలియలేదు. ఎందుకలా ఇచ్చావురా అని అడుగుదామంటే వాడు లేడు. ఈశ్వరి బల్లమీద తల ఆనించి, పక్కగదిలో పిల్లలు పాఠం ఆపి వినేంత గట్టిగా ఏడ్చింది.